విమానానికి వెళ్లే స్మార్ట్ కాంపోజిట్‌కు ప్రయోగశాల పరీక్షలు: ప్యానెల్ తయారీ నుంచి నివేదిక దాకా

బోయింగ్ 787 నిర్మాణ బరువులో దాదాపు సగం కాంపోజిట్లే, అంటే పీచులను రెసిన్‌తో కలిపి గట్టిపరిచిన పదార్థాలే. ఎయిర్‌బస్ ఏ350లో ఆ వాటా సగం దాటింది. ఈ పదార్థాలకు ఇప్పుడు బలంతోపాటు మరో బాధ్యత కూడా అప్పగిస్తున్నారు. తమ మీద పడే భారాన్ని అవే కొలవాలి, లోపల పగులు పుడితే అవే చెప్పాలి, అవసరమైతే ఆకారం మార్చుకోవాలి. అలా చేయగలిగేవే స్మార్ట్ కాంపోజిట్లు. 2005లో బోయింగ్ 777 ఇంజిన్ వెనక అంచున రంపపు పళ్లలా ఉండే షెవ్రాన్లకు నికెల్-టైటానియం మిశ్రలోహాన్ని అమర్చి, వేడిని బట్టి అవి వంగేలా చేసి గాలిలోకి ఎగరేసి చూశారు. కార్బన్ పొరల మధ్య కాంతి తంతువులను, పైన పీజో బిళ్లలను (ఒత్తిడిని విద్యుత్తుగా, విద్యుత్తును కదలికగా మార్చే పింగాణీ ముక్కలను) పెట్టి నిర్మాణ ఆరోగ్యాన్ని కనిపెట్టే ప్రయత్నాలు చాలాకాలంగా సాగుతున్నాయి.

ఈ రంగంలో ప్రయోగశాల పని ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటుంది. కాంపోజిట్ బలాన్ని ఒక బృందం కొలుస్తుంది, సెన్సర్ పనితనాన్ని మరో బృందం కొలుస్తుంది. రెండు నివేదికలూ బాగానే ఉంటాయి. రెండింటినీ కలిపి ఒక వస్తువుగా చేశాక, సెన్సర్ వల్ల కాంపోజిట్ బలహీనపడిందా, కాంపోజిట్‌ను గట్టిపరిచే వేడికి సెన్సర్ చెడిపోయిందా అని అడిగితే జవాబు ఏ నివేదికలోనూ దొరకదు. అందుకే ఈ మార్గదర్శి మొత్తం ఒకే పద్ధతిని పట్టుకుని నడుస్తుంది: బలం, పనితనం రెండింటినీ ఒకే కూపన్ (పరీక్షకు కోసిన ముక్క) మీద, ఒకే వాతావరణంలో, ప్రతి దశకు ముందూ తర్వాతా కొలవాలి.

ఉదాహరణకు కార్బన్-ఎపాక్సీ ప్యానెల్‌ను తీసుకుందాం. దాని పొరల మధ్య బ్రాగ్ గ్రేటింగ్ (సాగినప్పుడు తాను వెనక్కి పంపే కాంతి తరంగదైర్ఘ్యం మారే భాగం) ఉన్న కాంతి తంతువు, ఉపరితలం మీద పీజో బిళ్లలు ఉన్నాయనుకుందాం. వేడిచేస్తే పాత ఆకారానికి తిరిగి వచ్చే ఆకారస్మృతి తీగల విషయం వాటి వంతు వచ్చినప్పుడు చెబుతాను.

1. యంత్రం కంటే ముందు ప్రశ్న

పరీక్షా ప్రణాళికలో మొదట రాయాల్సింది ఏ నిర్ణయం కోసం ఈ పరీక్ష అన్నది. పదార్థాన్ని ఎంచుకోవడానికా, డిజైన్ విలువలు తీయడానికా, ధ్రువీకరణ సంస్థకు చూపించడానికా? కూపన్ల సంఖ్య, బ్యాచ్‌ల సంఖ్య, ఖర్చు అన్నీ ఈ జవాబు మీదే ఆధారపడతాయి.

వైమానిక రంగంలో పరీక్షలు పిరమిడ్ ఆకారంలో ఉంటాయి. అడుగున వందలాది చిన్న కూపన్లు, వాటిపైన రంధ్రాలు, అతుకులు ఉన్న ఎలిమెంట్లు, ఆపైన ఉపభాగాలు, శిఖరాన పూర్తి రెక్క లేదా పూర్తి విమానం. కింద దొరికిన ప్రతి అంకె పైమెట్టు లెక్కలోకి వెళుతుంది. కాబట్టి కూపన్ స్థాయిలో తప్పుగా కొలిచిన విలువ అక్కడితో ఆగదు.

డిజైన్ విలువల్లో రెండు స్థాయిలు వాడుకలో ఉన్నాయి. ఏ-బేసిస్ అంటే 95 శాతం విశ్వాసంతో, మొత్తం పదార్థంలో కనీసం 99 శాతం ఆ విలువను మించుతుందని చెప్పగలగడం. బీ-బేసిస్‌లో ఆ వాటా 90 శాతం. ఒక భాగం విరిగితే భారాన్ని మోయడానికి మరో దారి లేని చోట ఏ-బేసిస్, మరో దారి ఉన్న చోట బీ-బేసిస్ వాడతారు. కాంపోజిట్ పదార్థాల చేతిపుస్తకం సీఎంహెచ్-17 ప్రకారం బీ-బేసిస్‌కు కనీస స్థాయి ప్రణాళిక 3 బ్యాచ్‌ల నుంచి 18 కూపన్లు. మరింత దృఢమైన ప్రణాళికకు 5 బ్యాచ్‌ల నుంచి 30. ఈ సంఖ్య ఒక్కో గుణానికి, ఒక్కో వాతావరణ స్థితికి విడిగా వర్తిస్తుంది.

వాతావరణ స్థితులను కూడా ఇక్కడే ఖాయం చేసుకోండి. గది ఉష్ణోగ్రతలో పొడి స్థితి, మైనస్ 54 డిగ్రీల సెల్సియస్ చలిలో పొడి స్థితి, అధిక ఉష్ణోగ్రతలో తడి స్థితి అన్న మూడూ సాధారణంగా తప్పనిసరి.

స్మార్ట్ కాంపోజిట్‌కు వీటికి తోడు ఇంకొకటి కావాలి. ఒకే బ్యాచ్ ముడిసరుకుతో, ఒకే ఆటోక్లేవ్ (వేడి, ఒత్తిడితో గట్టిపరిచే పాత్ర) విడతలో, సెన్సర్ ఉన్న ప్యానెల్‌ను, సెన్సర్ లేని ప్యానెల్‌ను జంటగా చేయించాలి. ఈ జంట లేకపోతే, చివర్లో బలం 8 శాతం తగ్గిందని తేలినా దానికి కారణం సెన్సరో బ్యాచ్ తేడానో ఎవరూ చెప్పలేరు. ఖర్చు తగ్గించాలని ఒత్తిడి వస్తే ప్రణాళికలో ఇంకేదైనా వదులుకోండి కానీ ఈ జంటను వదలకండి.

2. ప్యానెల్ తయారీలోనే పరీక్ష మొదలవుతుంది

ప్రీప్రెగ్‌ను (ముందే రెసిన్ పట్టించిన పీచు పొరల చుట్టను) మైనస్ 18 డిగ్రీల దగ్గర నిల్వ చేస్తారు. బయటికి తీశాక గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా సంచి విప్పకూడదు. చల్లటి ఉపరితలం మీద గాలిలోని తేమ నీరుగా మారి, గట్టిపడే సమయంలో ఆవిరై ఖాళీలను మిగులుస్తుంది. ఫ్రీజర్ బయట గడిపిన ప్రతి గంటా చుట్ట కార్డు మీద నమోదు కావాలి.

కాంతి తంతువును పక్కనున్న కార్బన్ పీచుల దిశలోనే పరచండి. మామూలు కాంతి తంతువు గాజు వ్యాసం 125 మైక్రాన్లు, పైపూతతో కలిపి ఇంకా ఎక్కువ. కార్బన్ పీచు వ్యాసం 5 నుంచి 7 మైక్రాన్లే. ఒక పొర మందం కూడా చాలా ప్రీప్రెగ్‌లలో 125 మైక్రాన్ల చుట్టుపక్కలే ఉంటుంది. అంటే తంతువు దాదాపు ఒక పొరంత లావు. పీచులకు అడ్డంగా పెడితే పీచులు దాని మీదుగా వంగి, రెండు పక్కలా కన్ను ఆకారంలో రెసిన్ గుంటలు ఏర్పడతాయి. పగుళ్లు మొలవడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. పీచుల దిశలో పెడితే తంతువు వాటి మధ్య ఇమిడిపోతుంది.

తంతువు ప్యానెల్ నుంచి బయటికి వచ్చే చోట సన్నటి టెఫ్లాన్ గొట్టం తొడగండి. అక్కడ కారిన రెసిన్ గట్టిపడి తంతువును పెళుసుగా మారుస్తుంది. ఖరీదైన ప్యానెల్ చాలాసార్లు పనికిరాకుండా పోయేది ఆ రెండు మిల్లీమీటర్ల దగ్గరే.

పీజో బిళ్లను ఎంచుకునేటప్పుడు క్యూరీ ఉష్ణోగ్రత చూడాలి. ఆ ఉష్ణోగ్రత దాటితే పదార్థం ధ్రువణం పూర్తిగా పోతుంది. దానికి చాలా ముందు నుంచే క్షీణత మొదలవుతుంది. సెల్సియస్‌లో క్యూరీ విలువలో సగం లోపు వాడాలన్నది స్థూలమైన నియమం. పీజెడ్‌టీ-5హెచ్ రకం క్యూరీ ఉష్ణోగ్రత 190 డిగ్రీల పైచిలుకు. అలాంటి బిళ్లను 180 డిగ్రీల దగ్గర గట్టిపడే ఎపాక్సీ పొరల మధ్య పెడితే, బయటికి వచ్చేసరికి చాలావరకు మామూలు పింగాణీ ముక్కే మిగులుతుంది. 350 డిగ్రీల పైబడి ఉండే పీజెడ్‌టీ-5ఏ నయం. ఇంకా మంచి మార్గం, ప్యానెల్ గట్టిపడ్డాక తక్కువ ఉష్ణోగ్రత జిగురుతో ఉపరితలం మీద అతికించడం. కార్బన్ విద్యుద్వాహకం కాబట్టి బిళ్ల కింద సన్నటి పాలీఇమైడ్ పొర వేయడం మరచిపోకండి.

ఆకారస్మృతి తీగలను ముందుగా సాగదీసి పొరల మధ్య పెడుతున్నట్టయితే, ఆటోక్లేవ్ వేడికి అవి పాత పొడవుకు కుంచించుకుపోవడానికి ప్రయత్నిస్తాయి. రెసిన్ ఇంకా మెత్తగా ఉన్న ఆ సమయంలో తీగలను రెండు చివరలా దృఢమైన చట్రంలో బిగించి ఉంచాలి. విద్యుత్తుతో వేడిచేయాలనుకుంటే తీగకూ కార్బన్‌కూ మధ్య ఇన్సులేషన్ తప్పనిసరి.

గట్టిపడే సమయంలో థర్మోకపుల్ రీడింగులతోపాటు గ్రేటింగ్ తరంగదైర్ఘ్యాన్ని కూడా నిరంతరం నమోదు చేయండి. పరచకముందు ఒకటి, పరచిన తర్వాత ఒకటి, చల్లారాక ఒకటి. మొదటికీ చివరికీ ఉన్న తేడాలో ఉష్ణోగ్రత వాటాను తీసేస్తే మిగిలేది ప్యానెల్ లోపల చిక్కుకున్న అవశేష వికృతి (మిగిలిపోయిన సాగుదల లేదా కుంచింపు). ఆ సమాచారాన్ని ఆ ఒక్క సమయంలోనే పట్టుకోగలం.

3. కోయకముందు లోపలికి చూడాలి

ప్యానెల్ మొత్తాన్ని అల్ట్రాసోనిక్ సీ-స్కాన్ (ధ్వని తరంగాలతో లోపలి లోపాల పటం తీయడం) చేయండి. పలుచని లామినేట్‌లకు 5 మెగాహెర్ట్జ్ ప్రోబ్ మంచి ప్రారంభం. సెన్సర్లు స్కాన్‌లో నీడల్లా కనిపిస్తాయి. ఆ నీడ వెనక నిజమైన లోపం దాక్కోవచ్చు కాబట్టి సెన్సర్ స్థానాల పటాన్ని స్కాన్ మీద పరిచి పోల్చాలి. ఎక్స్-రే తీస్తే తంతువు, తీగలు ఎక్కడున్నాయో కూడా తెలుస్తుంది. కోత గీతలు గీయడానికి ఆ చిత్రం కావాలి.

ప్యానెల్ నుంచి చిన్న ముక్కలు తీసి సాంద్రతను ఏఎస్‌టీఎం (పరీక్షా ప్రమాణాల సంస్థ; ఇకపై డి, ఈ, ఎఫ్ అక్షరాలతో వచ్చే ప్రమాణాల సంఖ్యలు దానివే) డి792 ప్రకారం, పీచు వాటాను, ఖాళీల శాతాన్ని డి3171 ప్రకారం కొలవండి. డి3171లోని ఒక పద్ధతిలో రెసిన్‌ను వేడి గాఢ ఆమ్లంలో కరిగించి పీచును తూకం వేస్తారు. ఫ్యూమ్ హుడ్, ముఖకవచం లేకుండా ఆ పనికి పూనుకోవద్దు. వైమానిక ప్రధాన భాగాల్లో ఖాళీలు ఒక శాతం లోపు ఉండాలని ఆశిస్తారు. రెండు శాతం దాటితే ఆ ప్యానెల్ డేటా మీద నమ్మకం పెట్టుకోలేం. సెన్సర్ ఉన్న చోట అడ్డంగా కోసి, పాలిష్ చేసి సూక్ష్మదర్శినిలో చూడండి. ప్యానెల్ మొత్తం సగటు ఎంత బాగున్నా తంతువు పక్కన గాలి బుడగ ఉంటే ఆ చిత్రంలోనే బయటపడుతుంది.

గాజు పరివర్తన ఉష్ణోగ్రతను, అంటే గట్టిపడిన రెసిన్ మెత్తబడే ఉష్ణోగ్రతను, డైనమిక్ మెకానికల్ అనాలిసిస్‌తో (ముక్కను ఊపుతూ వేడిచేసే పరీక్షతో), డి7028 ప్రకారం కొలుస్తారు: ఒక హెర్ట్జ్, నిమిషానికి 5 డిగ్రీల వేడి. నిల్వ గుణకం (దృఢత్వపు కొలత) పడిపోవడం మొదలయ్యే బిందువును తీసుకోవాలి. టాన్ డెల్టా (శక్తి నష్టపు నిష్పత్తి) శిఖరం దానికంటే ఎక్కువ ఉష్ణోగ్రత చూపిస్తుంది కాబట్టి దాన్ని ఎంచుకునే ప్రలోభం ఉంటుంది; లొంగవద్దు. పొడి ముక్కనూ తేమ పట్టిన ముక్కనూ రెండింటినీ పరీక్షించండి. ఎపాక్సీలకు తడి విలువలోంచి 28 డిగ్రీలు తీసేస్తే వచ్చేదాన్ని గరిష్ఠ వినియోగ ఉష్ణోగ్రతకు మార్గదర్శకంగా వాడతారు.

4. కోత, కొలత, గేజ్

వజ్రపు చక్రంతో, నీటి ధారతో కోయండి. కోసిన తర్వాత ఆరబెట్టాలి. ప్యానెల్ అంచుల దగ్గర మందం మారుతుంది కాబట్టి ఆ పట్టీని వదిలేయాలి. కార్బన్ ధూళి ఊపిరితిత్తులకు హానికరం, పైగా విద్యుద్వాహకం. ఇంపెడెన్స్ అనలైజర్ (బిళ్లల విద్యుత్ ప్రతిస్పందనను కొలిచే పరికరం) ఉన్న గదిలో కోత యంత్రం ఉండకూడదు.

ఒకే దిశ పీచులున్న తన్యత (లాగి చూసే) కూపన్‌కు డి3039 సూచించే కొలతలు: 250 మి.మీ. పొడవు, 15 మి.మీ. వెడల్పు, ఒక మి.మీ. మందం. పీచులకు అడ్డంగా లాగే కూపన్‌కు 175, 25, 2 మి.మీ. ఇక్కడ కోణంలో చిన్న తేడా కూడా పెద్ద తేడా తెస్తుంది. పీచు దిశ ఒక డిగ్రీ పక్కకు తిరిగినా బలం చెప్పుకోదగినంత పడిపోతుంది. అందుకే ప్యానెల్ అంచును నమ్మకుండా పీచు దిశనే ఆధారంగా పెట్టుకుని కోయాలి. మందం, వెడల్పు గేజ్ భాగంలో మూడు చోట్ల కొలిచి సగటు తీసుకోండి.

స్ట్రెయిన్ గేజ్ (వికృతిని కొలవడానికి అతికించే పట్టీ) విషయంలో లోహాలతో అలవాటుపడినవారు తరచూ పొరబడే చోటు ఒకటుంది. కాంపోజిట్ వేడిని త్వరగా పీల్చుకోదు. 120 ఓమ్‌ల గేజ్‌కు లోహాల మీద ఇచ్చే వోల్టేజీనే ఇస్తే అది తనంతట తానే వేడెక్కి, భారం లేకుండానే వికృతి చూపిస్తుంది. 350 ఓమ్‌లు లేదా అంతకంటే ఎక్కువ నిరోధం ఉన్న గేజ్ వాడండి, వోల్టేజీ తగ్గించండి. భారం వేయకముందు కొన్ని నిమిషాలు రీడింగును గమనిస్తే తేలిపోతుంది: స్థిరంగా ఉంటే సరే, జారుతూ పోతుంటే వోల్టేజీ ఇంకా తగ్గించాలి.

5. పనితనానికి ఆధార రేఖ

కూపన్ యంత్రంలోకి వెళ్లకముందే సెన్సర్ల పుట్టుక గుణాలన్నీ రికార్డు చేయాలి. తర్వాత వచ్చే ప్రతి మార్పునూ దీనితోనే పోలుస్తాం.

పీజో బిళ్లలను అతికించకముందు ఒక్కొక్కటీ కొలవండి. కెపాసిటెన్స్, నష్ట గుణకం, డి33 విలువ (పీజో స్పందన కొలత), అనునాద, ప్రతి అనునాద పౌనఃపున్యాలు. చివరి రెండింటి మధ్య దూరం నుంచి విద్యుత్-యాంత్రిక సంధాన గుణకం లెక్కకడతారు. పద్ధతి ఐఈఈఈ 176 ప్రమాణంలో ఉంది. ధ్రువణం చేసిన కొత్తలో విలువలు వేగంగా మారతాయి, తర్వాత ఆ మార్పు లాగరిథమ్ చొప్పున నెమ్మదిస్తుంది. కనీసం 24 గంటలు గడవనిచ్చి కొలవండి.

అతికించిన తర్వాత ఇంపెడెన్స్‌ను మళ్లీ స్వీప్ చేయండి. ఈ దశలో చూడాల్సింది సస్సెప్టెన్స్ (పౌనఃపున్యంతో మారే విద్యుత్ ప్రతిస్పందనలో ఒక భాగం) గీత వాలు. జిగురు గట్టిగా పట్టుకున్న బిళ్ల స్వేచ్ఛగా వ్యాకోచించలేదు కాబట్టి విడిబిళ్ల కంటే వాలు తగ్గుతుంది. పరీక్షల మధ్యలో ఎప్పుడైనా వాలు పెరిగితే జిగురు విడిపోతోందని అర్థం. మరింత తగ్గితే బిళ్ల విరిగి కొంత భాగం పోయిందని అర్థం. ఒక్క కొలతతో సెన్సర్ చెడిందా, కాంపోజిట్ చెడిందా అన్న ప్రశ్నను విడదీయగలుగుతున్నాం. నా దృష్టిలో మొత్తం క్రమంలో ఇంత తక్కువ శ్రమకు ఇంత విలువైన సమాచారం ఇచ్చే కొలత మరొకటి లేదు.

కాంతి తంతువుకు శిఖరం స్థానం ఒక్కటే కాక వర్ణపటం మొత్తాన్ని దాచుకోండి. 1550 నానోమీటర్ల దగ్గర పనిచేసే గ్రేటింగ్ ఒక మైక్రోస్ట్రెయిన్‌కు (పొడవులో పది లక్షల వంతు మార్పుకు) దాదాపు 1.2 పికోమీటర్లు, ఒక డిగ్రీ ఉష్ణోగ్రతకు దాదాపు 10 పికోమీటర్లు జరుగుతుంది. అంటే ఒక్క డిగ్రీ ఉష్ణోగ్రతను పట్టించుకోకపోతే వికృతిలో ఎనిమిది మైక్రోస్ట్రెయిన్‌ల పొరపాటు. కాంపోజిట్‌లో చిక్కుకున్న తంతువుకు ఉష్ణ గుణకం కూడా మారుతుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న పదార్థం వ్యాకోచమూ దాని మీద పడుతుంది. కాబట్టి ప్రతి ప్యానెల్‌నూ భారం లేకుండా ఓవెన్‌లో పెట్టి, పరీక్షల్లో వాడబోయే ఉష్ణోగ్రతలన్నిటా ఆ గుణకాన్ని విడిగా తేల్చండి. శిఖరం రెండుగా చీలితే తంతువు మీద అడ్డంగా అసమాన ఒత్తిడి ఉన్నట్టు. అలాంటి గ్రేటింగ్ రీడింగును ఒకే వికృతిగా చదవకూడదు.

ఆకారస్మృతి మిశ్రలోహానికి ముందుగా డీఎస్‌సీ (వేడిచేస్తూ, చల్లారుస్తూ ముక్క పీల్చే, వదిలే ఉష్ణాన్ని కొలిచే పరీక్ష), ఏఎస్‌టీఎం ఎఫ్2004 పద్ధతిలో, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున. మార్టెన్‌సైట్, ఆస్టెనైట్ దశలు (చల్లగా, వేడిగా ఉన్నప్పటి స్ఫటిక రూపాలు) మొదలయ్యే, ముగిసే నాలుగు ఉష్ణోగ్రతలూ వస్తాయి. కోసేటప్పుడు ముక్క వేడెక్కినా నలిగినా శిఖరాలు మారిపోతాయి. ఈ ఉష్ణోగ్రతలు భారం లేనప్పటివని గుర్తుంచుకోండి. నికెల్-టైటానియంలో ప్రతి 6 నుంచి 8 మెగాపాస్కల్‌ల ప్రతిబలానికి పరివర్తన ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ పైకి జరుగుతుంది. 200 మెగాపాస్కల్‌ల భారం కింద పనిచేసే తీగ డీఎస్‌సీ చెప్పినదానికంటే 25 నుంచి 33 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితేనే కదులుతుంది. డీఎస్‌సీ అంకెను నేరుగా డిజైన్‌లో పెడితే రెక్క అంచు వంగాల్సిన సమయానికి వంగదు. అందుకే స్థిర భారం కింద వేడి-చల్లని చక్రాలు తిప్పే ఈ3097, ముందుగా సాగదీసి స్వేచ్ఛగా వేడిచేసి చూసే ఈ3098 పరీక్షలు కూడా చేయాలి. అతిస్థితిస్థాపక తీగకైతే ఎఫ్2516: 6 శాతం వికృతి దాకా లాగి, వదిలి, మళ్లీ తెగేదాకా లాగాలి. లాగే వేగాన్ని పెంచవద్దు. దశ మారేటప్పుడు గుప్తోష్ణం విడుదలై తీగ వేడెక్కుతుంది, పీఠభూమి ప్రతిబలం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

6. లాగడం, నొక్కడం, చీల్చడం, కొట్టడం

తన్యత పరీక్షను కాస్త నింపాదిగా చూద్దాం, ఎందుకంటే మిగతావాటిలోనూ ఇదే క్రమశిక్షణ అవసరం. కూపన్‌ను పై పట్టులో బిగించి, కింది పట్టు వదులుగా ఉండగానే భారాన్ని సున్నా చేయండి. కింది పట్టు బిగించాక భారం కాస్త కనిపిస్తే అది బిగింపు వల్ల పుట్టిందే. దాన్ని మళ్లీ సున్నా చేసి దాచవద్దు. ముందూ వెనకా గేజ్‌లు ఉన్న కూపన్‌తో వంపు శాతం చూడండి. అది 3 నుంచి 5 శాతం దాటితే పట్టుల అమరిక సరిచేయాలి. తల కదిలే వేగం నిమిషానికి 2 మి.మీ. దృఢత్వ గుణకాన్ని (మాడ్యులస్‌ను) 1000 నుంచి 3000 మైక్రోస్ట్రెయిన్‌ల మధ్య వాలుగా తీసుకుంటారు.

సెన్సర్ ఉన్న కూపన్‌లో గేజ్, గ్రేటింగ్, యంత్రం భారం మూడింటినీ ఒకే గడియారానికి కట్టండి. విడివిడి కంప్యూటర్లలో రికార్డు చేసి తర్వాత చేత్తో జతపరచడం వల్ల వచ్చే పొరపాటును ఏ గణాంకశాస్త్రమూ సరిదిద్దలేదు. గరిష్ఠ భారంలో సగం దాకా గేజ్, గ్రేటింగ్ ఒకే వాలులో నడిచి, ఆ తర్వాత విడిపోతే గ్రేటింగ్ పూత జారుతోందో, పక్కన పగులు పుట్టిందో వర్ణపటం చూసి తేల్చాలి.

విరిగిన తర్వాత మొదట రాయాల్సింది ఎలా, ఎక్కడ విరిగిందన్నది. బలం అంకె ఆ తర్వాతే. డి3039లో దీనికి మూడక్షరాల సంకేతాలు ఉన్నాయి. పట్టు దగ్గర తెగిన కూపన్ చెప్పే బలం పదార్థానిది కాదు. సెన్సర్ ఉన్న కూపన్లు వరసగా తంతువు దగ్గరే తెగుతుంటే, సగటు బలం తగ్గకపోయినా అది తీవ్రమైన విషయమే; అలసట పరీక్షలో దాని అసలు రూపం బయటపడుతుంది.

సంపీడనానికి డి6641 ఫిక్స్చర్ వాడండి. 140 మి.మీ. కూపన్, మధ్యలో 13 మి.మీ. ఖాళీ భాగం. స్క్రూలను టార్క్ రెంచ్‌తో సమంగా బిగించాలి, వంపు 10 శాతం దాటకూడదు. పీచు దిశకు అడ్డంగా ఉన్న సెన్సర్ వల్ల జరిగే నష్టం తన్యతలో కంటే ఇక్కడ ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే వంగిన పీచు నొక్కినప్పుడు ఇంకా వంగుతుంది. షియర్‌కు 45 డిగ్రీల పొరలతో డి3518 సరిపోతుంది. చిన్న దూలం పరీక్ష డి2344 తేలిక, చౌక. బ్యాచ్‌లను పోల్చడానికి, తేమ ప్రభావం చూడటానికి మంచిది, డిజైన్ విలువగా మాత్రం వాడకూడదు.

పొరలు విడిపోవడానికి అవసరమయ్యే శక్తిని డి5528లో రెండు చేతుల దూలంతో కొలుస్తారు. మధ్య తలంలో పెట్టే పలుచని ఫిల్మ్ 13 మైక్రాన్లు మించకూడదు. పగులు సాగుతున్నకొద్దీ పీచులు వంతెనల్లా రెండు వైపులనూ పట్టుకుని విలువను పెంచుతాయి. ఆ పెరిగిన విలువ అసలు భాగంలో దొరకకపోవచ్చు కాబట్టి పగులు మొదలైనప్పటి విలువనే నమ్మండి. పగులు దారిలో తంతువును పెట్టిన కూపన్లను కూడా చేయించండి.

ఇక దెబ్బ పరీక్ష. డి7136 ప్రకారం 150 x 100 మి.మీ. పలక, అర్ధగోళాకారపు 16 మి.మీ. మొన, మి.మీ. మందానికి 6.7 జౌళ్ల శక్తి. 5 మి.మీ. పలకకు అది 33 జౌళ్ల పైచిలుకు. మొన ఎగిరి రెండోసారి తగలకుండా పట్టుకునే ఏర్పాటు పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి. గుంట లోతును వెంటనే కొలవండి. కాలంతో, తేమతో అది కొంత పూడిపోతుంది. పైకి కంటికి ఆనీ ఆనని గుంట మిగిలి, లోపల పొరలు అరచేతి వెడల్పున విడిపోవచ్చు. స్మార్ట్ కాంపోజిట్ అవసరమే అక్కడుంది. కాబట్టి దెబ్బకు ముందూ తర్వాతా పీజో బిళ్లల మధ్య తరంగాలు పంపి రికార్డు చేయండి, సీ-స్కాన్ తీయండి, ఆ తర్వాతే డి7137 ప్రకారం నొక్కి మిగిలిన బలం కొలవండి. సెన్సర్ చెప్పిన నష్టం, స్కాన్ చూపిన నష్టం, మిగిలిన బలం అన్న మూడు అంకెలూ ఒకే పలక నుంచి రావాలి.

7. తేమ, వేడి, చలి, శూన్యం

తడి కూపన్లను సాధారణంగా 70 డిగ్రీలు, 85 శాతం సాపేక్ష ఆర్ద్రతలో ఉంచి, డి5229 ప్రకారం బరువు స్థిరపడేదాకా తూకం వేస్తారు. పట్టే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తొందరపడి ఉష్ణోగ్రత పెంచితే రెసిన్ రసాయనికంగా దెబ్బతిని, వేరే పదార్థాన్ని పరీక్షించినట్టవుతుంది. సెన్సర్లు, ట్యాబ్‌లు ఉన్న కూపన్ బరువుతో తేమ తెలియదు కాబట్టి అదే ప్యానెల్ నుంచి కోసిన ఉత్త ముక్కలను జతగా పెట్టి వాటిని తూచండి.

వేడి గదిలో తడి కూపన్‌ను పరీక్షించేటప్పుడు అది లోపలే ఆరిపోవడం మొదలవుతుంది. ఉష్ణోగ్రత అందుకున్న కొద్ది నిమిషాల్లోనే భారం వేయాలి. చలి పరీక్షకు ద్రవ నత్రజని వాడితే గదిలో ఆక్సిజన్ అలారం ఉండి తీరాలి.

అంతరిక్షానికి వెళ్లే పదార్థమైతే జిగురు, తంతువు పూత, తీగల ఇన్సులేషన్ అన్నిటికీ ఈ595 వాయు విసర్జన పరీక్ష చేయించండి. శూన్యంలో 125 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాక మొత్తం బరువు నష్టం ఒక శాతం లోపు, చల్లటి పలక మీద పేరుకునేది 0.1 శాతం లోపు ఉండాలన్నది విస్తృతంగా వాడే హద్దు.

8. అలసట

తన్యత-తన్యత అలసటకు డి3479. పౌనఃపున్యాన్ని పెంచితే పని త్వరగా అవుతుంది కానీ కూపన్ లోపల వేడెక్కుతుంది. ఉపరితలం మీద థర్మోకపుల్ పెట్టి, ఉష్ణోగ్రత పెరుగుతుంటే వేగం తగ్గించండి.

ముందే నిర్ణయించిన చక్రాల దగ్గర యంత్రాన్ని ఆపి, కూపన్ గది ఉష్ణోగ్రతకు వచ్చాక ఆధార రేఖ కొలతలన్నీ మళ్లీ తీయండి: గుణకం, సస్సెప్టెన్స్ వాలు, గ్రేటింగ్ వర్ణపటం, తరంగ సంకేతాలు. ఉష్ణోగ్రత తేడా వల్ల తరంగ సంకేతం మారే తీరు చిన్న పగులు వల్ల మారే తీరును సులభంగా కప్పేస్తుంది. అందుకే నష్టం లేని కూపన్ మీద వేర్వేరు ఉష్ణోగ్రతల ఆధార రేఖలు ముందే తీసి పెట్టుకోవాలి. పీజో పింగాణీ పెళుసు. కాంపోజిట్ హాయిగా మోసే వికృతి దగ్గరే బిళ్ల పగలవచ్చు. అలా జరిగితే ఆ వికృతి స్థాయిని స్మార్ట్ కాంపోజిట్ హద్దుగా రాయండి, ఉత్త కాంపోజిట్ హద్దును కాదు.

ఆకారస్మృతి తీగలకు తెగిపోవడం ఒక్కటే అలసట కాదు. చక్రాలు పెరిగేకొద్దీ తిరిగి రాని వికృతి పేరుకుంటుంది, పరివర్తన ఉష్ణోగ్రతలు జరుగుతాయి, కదలిక తగ్గుతుంది. మొదటి చక్రాల్లో మార్పు ఎక్కువ కాబట్టి ముందుగా తీగకు తర్ఫీదు చక్రాలు ఇచ్చి, అది స్థిరపడ్డాకే లెక్క మొదలుపెట్టాలి.

9. అంకెల లెక్క

మిగతావాటికి దూరంగా పడిన విలువ కనిపిస్తే గణాంక పరీక్షకు ముందు విరిగిన ముక్కను తీసి చూడండి. భౌతిక కారణం దొరికితే రాసి తొలగించండి, దొరకకపోతే ఉంచండి. బ్యాచ్‌లను కలపవచ్చో లేదో పరీక్షించకుండా కలపవద్దు.

నష్టాన్ని పసిగట్టే సామర్థ్యానికి ఏ90/95 అన్న కొలమానం వాడతారు: 95 శాతం విశ్వాసంతో, 90 శాతం సందర్భాల్లో పట్టుకోగలిగే నష్టం పరిమాణం. ఎంఐఎల్-హెచ్‌డీబీకే-1823ఏ ప్రకారం సంకేతం పరిమాణాన్ని కొలిచే పద్ధతికి కనీసం 40, ఉంది-లేదు అని చెప్పే పద్ధతికి కనీసం 60 లక్ష్యాలు (పట్టుకోవాల్సిన నష్టాలు) కావాలి. ఒకే పలక మీద శాశ్వతంగా అతికిన సెన్సర్ నుంచి పదే పదే తీసిన రీడింగులు స్వతంత్రమైనవి కావు. వాటిని నలభైగా లెక్కపెడితే విశ్వాసం కాగితం మీదే ఉంటుంది.

10. నివేదిక, భద్రపరచాల్సినవి

ప్రతి విలువ పక్కన బ్యాచ్, ప్యానెల్, ప్యానెల్‌లో కూపన్ స్థానం, కొలిచిన మందం, వాతావరణ స్థితి, విరిగిన తీరు, సెన్సర్ స్థితి ఉండాలి. దృఢత్వ గుణకాన్ని సెన్సర్ ఉన్న, లేని జంటల తేడాగా కూడా చూపండి. సెన్సర్ పనిచేయడం ఆగిపోయిన భారాన్ని, చక్రాన్ని, కూపన్ విరిగిన భారంతో ఒకే పట్టికలో పెట్టండి. డిజైనర్ ముందుగా వెతికే వరస అదే. పరికరాల కాలిబ్రేషన్ తేదీలు, వాడిన ప్రమాణం ఏ సంవత్సరపు కూర్పో కూడా రాయండి, ఎందుకంటే కూర్పు మారితే హద్దులూ మారవచ్చు.

వర్ణపటాలు, ఇంపెడెన్స్ స్వీప్‌లు, తరంగ సంకేతాలను ముడి రూపంలోనే దాచండి, శుద్ధి చేసిన గ్రాఫులు మాత్రమే మిగిల్చితే చాలదు. విరిగిన రెండు ముక్కలనూ చీటీ కట్టి, విరిగిన అంచులు ఒకదానికొకటి తగలకుండా విడివిడి సంచుల్లో పెట్టండి. విమానం సేవలోకి వెళ్లిన ఎన్నో ఏళ్లకు ఏదో ఒక భాగంలో అనుకోని పగులు కనబడినప్పుడు, దర్యాప్తు చేసేవారు పోల్చి చూడటానికి మొదట అడిగేది ఆ ముక్కలనే.